నోరు మూస్తే ఫౌల్

కబడ్డీ నియమావళిలో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఒకటుంది. కూతకు వచ్చినవాడి నోరు మూసి కూత ఆపాలని చూస్తే అది ఫౌల్. కాలు పట్టుకోవచ్చు, నడుము పట్టుకోవచ్చు, నలుగురు కలిసి అడ్డుగా నిలబడి ఆపేయొచ్చు. నోరు మాత్రం మూయకూడదు. జుట్టు పట్టి లాగకూడదు, బట్టలు పట్టి లాగకూడదు, రెండు కాళ్ల మధ్య కత్తెరలా బిగించకూడదు, గాయం చేసేలా దౌర్జన్యంగా పట్టకూడదు. ఈ మాటలు ఎవరో దళిత కవి రాసినవి కావు, ఆట పుస్తకంలో ఉన్నవి. మన ఊళ్లలో ఎన్ని మైదానాల్లో అమలవుతున్నాయన్నది వేరే సంగతి.

జై భీమ్ మిత్రులారా. ఈ భాగంలో ఆటల గురించి మాట్లాడుకుందాం. ఒంటికి ఒళ్లు తగిలే ఆటల్లో ప్రమాదకరమైన పట్టులను, మీద పడే దెబ్బలను అనుమతించాలా వద్దా అని ప్రపంచమంతా వాదన నడుస్తోంది. రగ్బీలో అయితే ఆ వాదన కోర్టుల దాకా వెళ్లింది. మనకు రగ్బీ లేదు. మనకున్నది చెడుగుడు. గుడుపల్లె, కుప్పం పక్క పొంగలి దినాల్లో కోతలైన మళ్లలో, స్కూలు గ్రౌండుల్లో సున్నంతో గీతలు గీసి ఆడేది అదే.

ఈ రాత వెనకున్న ప్రశ్న గుడుపల్లె మండలం దళితవాడ నుంచి ఒక డిగ్రీ తమ్ముడు వేసింది. (మా జిల్లా కాగితాల్లో ఇలాంటి వాడల పేర్ల చివర ఇప్పటికీ ఏ.ఏ.డబ్ల్యూ. అని కనిపిస్తుంది. ఆది ఆంధ్ర వాడ అని దానర్థం. అందులో ఒక ఉద్యమ చరిత్ర దాగుందని మన పిల్లల్లో చాలామందికి తెలీదు. దాని గురించి ఇంకోసారి.) "అన్నా, డాష్ కొట్టకూడదు, మెడ పట్టకూడదు అని రూలు పెడతామంటున్నారు. ఊరోళ్ల కాలు మేం పట్టుకుంటే ఎవరూ నోరెత్తని చోటు ఈ ఒక్క కోర్టే కదన్నా. దాన్ని కూడా మెత్తగా చేసేస్తారా?" అన్నాడు.

ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. ముట్టుకోవడమే పాయింటుగా లెక్కించే ఆటను ముట్టుకోవడమే నేరంగా చూసిన సమాజం కనిపెట్టింది, చిత్రంగా లేదూ? కూత పెడుతూ గీత దాటి వచ్చినవాడు ఎవరినైనా తాకి వెనక్కి పోతే, తాకించుకున్నవాడు అవుట్. మా పక్క 'చచ్చాడు' అనేవాళ్లం. మనవాళ్లను ఎవరినైనా గెలిస్తే వాడు మళ్లీ 'బతికి' వస్తాడు. ఊళ్లో తాకితే మైలపడతాడు, కోర్టులో తాకితే చచ్చిపోతాడు. మన చేతికి అంత శక్తి ఉందని వాళ్లు ఒప్పుకున్న చోటు అదొక్కటే కావచ్చు. అయితే ఆ ఒప్పుకోలు ఎంతవరకు, ఎవరి దయ మీద, ఎవరి ఒంటి ఖర్చుతో అన్నది చూడాలంటే చరిత్రలోకి పోవాలి.

చెడుగుడు పుట్టింది పల్లెల్లో. రాతపూర్వకమైన నిబంధనలు మాత్రం పట్నంలో పుట్టాయి. పూనాలోని డెక్కన్ జింఖానా లాంటి సంస్థలు 1918 తర్వాత హుతుతు అనే మరాఠీ రూపానికి నియమాలు కూర్చడం మొదలుపెట్టాయి. 1923లో బరోడాలోని హింద్ విజయ్ జింఖానా సవరించిన నియమాలతో పోటీలు పెట్టింది. 1936లో అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ వాళ్లు బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో ఈ ఆటను ప్రదర్శించారు. 1950లో అఖిల భారత సమాఖ్య, 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకం, 2014లో ప్రో కబడ్డీ. సంజీవని, గామిని, అమర్ అని మూడు రకాలుగా ఆడేవాళ్లు. చచ్చినవాడు బతికొచ్చే సంజీవనే చివరికి నిలిచింది.

ఇదంతా క్విజ్ పుస్తకాల్లో దొరుకుతుంది. వాటిలో దొరకనిది పూనా జింఖానాల గుమ్మం బయట జరిగింది. అదే నగరంలో, అంతకు రెండు మూడు దశాబ్దాల ముందు, పల్వంకర్ బాలూ అనే చమార్ కులపు యువకుడు క్రికెట్ క్లబ్బులో నెలకు 4 రూపాయల జీతానికి తెల్లదొరలకు బంతులు వేసేవాడు. హిందువుల జట్టు అతన్ని ఆడించుకుంది, ఎందుకంటే అతను లేకపోతే గెలవలేరు. టీ విరామంలో మాత్రం అతనికి పెవిలియన్ బయట, వేరే మట్టి ముంతలో టీ పోశారు. అతని ఎడమచేతి నుంచి వచ్చిన బంతికి అంటు లేదు. అదే చేతికి కప్పు ఇవ్వడానికి అంటు వచ్చింది. అంత గొప్ప బౌలరైనా హిందూ జట్టుకు కెప్టెన్ కానివ్వలేదు. అతని తమ్ముడు విఠల్ కెప్టెన్ అయింది 1923లో. బరోడాలో కబడ్డీ కొత్త నియమాలతో ఆడిన ఏడాది అదే.

క్రికెట్టులో బంతి దూరం నుంచి వస్తుంది, ఒళ్లు ఒంటికి తగలదు. అయినా ఇంత జరిగింది. మరి ఒకరి తొడ మీద ఇంకొకరు పడే ఆటలో?

ఇక్కడ 'ఒళ్లు గట్టి' అనే మాట దగ్గరికి రావాలి. మీలో ఆడినవాళ్లందరూ ఈ మాట విని ఉంటారు. మీవాళ్లకు ఒళ్లు గట్టిరా, దెబ్బ తగిలినా తెలీదు, కార్నర్‌లో నిలబడండి, మీద పడండి. మెచ్చుకోలులా వినిపిస్తుంది. నేను ఆడే రోజుల్లో నాకూ మెచ్చుకోలులాగే అనిపించింది. రైడ్‌కు పోయి చప్పట్లు కొట్టించుకునేది ఒకరు, కార్నర్‌లో మోకాళ్లు అరగదీసుకునేది ఇంకొకరు అన్న లెక్క తర్వాతెప్పుడో అర్థమైంది. ఈ మాట చెడుగుడు కోర్టులో పుట్టింది కాదు. గుడుపల్లె మండలం చిగరగుంట నుంచి కోలారు గనుల దాకా నడిచిన చరిత్ర దీనికి ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనుల్లోకి దిగినప్పటి నుంచి 2001లో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేదాకా, భూమి లోపలికి దిగినవాళ్లలో అత్యధికులు ఉత్తర ఆర్కాటు, చిత్తూరు పల్లెల నుంచి వలస పోయిన మనవాళ్లే. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతు. అక్కడి వేడి, పొత్తికడుపులో పిడిగుద్దులా వచ్చే రాతి పేలుళ్లు, ఊపిరితిత్తుల్లో చేరే రాతిదుమ్ము. పైన క్లబ్బులో టెన్నిస్ ఆడేవాళ్లు కింద ఉన్నవాళ్ల గురించి అనుకున్నదీ అదే: వీళ్లకు ఒళ్లు గట్టి. ఎవరి ఒళ్లు గట్టిదని తేల్చారో వాళ్ల ఒంటికి రక్షణ ఖర్చు పెట్టక్కర్లేదు. ఆ మాట చేసే పని అది.

రగ్బీలోనూ మన దేశంలో ఇలాంటి కథ ఒకటుంది. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ నుంచి ఆదివాసీ పిల్లల జట్టు 2007లో లండన్ వెళ్లి 14 ఏళ్ల లోపు పాఠశాలల టోర్నమెంట్ గెలిచింది. గర్వపడాల్సిందే. అయితే అడవి పిల్లలకు పుట్టుకతోనే ఆ బలం ఉందని ఎవరైనా మురిసిపోతే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పిల్లలు సాధన చేశారు, ఎత్తులు నేర్చారు, భయాన్ని జయించారు. బుర్రతో చేసిన పనిని కండ ఖాతాలో వేయడం మనకు కొత్త కాదు.

ఇప్పుడు ఆ రగ్బీ పుట్టిన చోటికి పోదాం. తమ్ముడు అడిగిన ప్రశ్ననే 1863లో లండన్‌లో దొరలు అడిగారు. అప్పటికి ఫుట్‌బాల్‌కు ఒక్కో బడిలో ఒక్కో నియమం. అన్నిటికీ కలిపి ఒక నియమావళి రాద్దామని క్లబ్బులు కూర్చున్నాయి. ఎదుటివాడి మోకాలి కింద ఎముక మీద బూటుతో తన్నడం అప్పట్లో ఆటలో భాగం. దాన్ని తీసేద్దామని కొందరన్నారు. బ్లాక్‌హీత్ క్లబ్ ప్రతినిధి క్యాంబెల్ ఒప్పుకోలేదు. తన్నులు తీసేస్తే ఆటలో ధైర్యం పోతుందని, వారం రోజులు సాధన చేసిన ఫ్రెంచివాళ్లను తెచ్చి మిమ్మల్ని ఓడిస్తానని వెక్కిరించాడు. ఎబెనీజర్ మోర్లీ అనే ఆయన, తన్నులుంటే బుద్ధి తెలిసిన వయసొచ్చిన మనిషెవడూ ఈ ఆట జోలికి రాడని జవాబిచ్చాడు. బ్లాక్‌హీత్ బయటికి పోయింది. ఫుట్‌బాల్, రగ్బీ రెండు దారులు కావడానికి ఆ తన్ను ఒక ముఖ్య కారణం. తమాషా ఏమంటే, 1871లో రగ్బీవాళ్లు తమ సొంత యూనియన్ పెట్టుకుని రాసుకున్న నియమాల్లో ఆ తన్నును వాళ్లే నిషేధించారు! మగతనం పోతుందన్న ఆటలోంచి తన్ను పోయింది, ఆట మిగిలింది.

అమెరికాలో 1905 సీజన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ 18 మంది చనిపోయారని ఒక పత్రిక లెక్క తేల్చింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. ఆయన ఆటకు వ్యతిరేకి కాడు, వీరాభిమాని. 1906లో నియమాలు మారాయి, బంతిని ముందుకు విసిరే పాస్ వచ్చింది. గుంపుగా మీద పడే అవసరం తగ్గింది. ఆ ఆట మెత్తబడి చచ్చిపోలేదు, ఈ రోజు ఆ దేశంలో దాన్ని మించి చూసే ఆట లేదు.

ఈ కాలానికొస్తే, 2003లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండ్ రగ్బీ జట్టు సభ్యుడు స్టీవ్ థాంప్సన్ 2020 డిసెంబరులో ఒక మాట బయటపెట్టాడు. నలభై రెండేళ్లకే మతిమరుపు జబ్బు. ఆ ప్రపంచ కప్పు గెలిచిన సంగతి కూడా తనకు జ్ఞాపకం లేదన్నాడు. తర్వాత వందల మంది మాజీ ఆటగాళ్లు కోర్టుకెక్కారు. 2018లో యువ ఆటగాళ్ల మరణాల తర్వాత ఫ్రాన్స్ 2019లో అమెచ్యూర్ ఆటలో నడుముకు పైన టాకిల్ చేయకూడదంది. 2023లో ఇంగ్లండ్ క్లబ్బు స్థాయి ఆటలో ఛాతీ ఎముక దిగువకు పరిమితం చేసింది. మెదడు పుర్రెకు కొట్టుకోవడానికి తల నేలకు తగలక్కర్లేదు, ఒంటికి తగిలిన ఊపుకే లోపల మెదడు కదిలి కొట్టుకుంటుందని ఇప్పుడు అందరికీ తెలుసు.

ఈ మూడు చోట్లా నాకు కనిపించింది ఒకటే. దెబ్బ తిన్నవాళ్లకు గొంతు ఉంది. లండన్ క్లబ్బుల పెద్దమనుషులకు పోగొట్టుకోవడానికి జీవనోపాధులు ఉన్నాయి. హార్వర్డ్ పిల్లల కోసం దేశాధ్యక్షుడు కూర్చున్నాడు. థాంప్సన్‌కు లాయర్లు, టీవీ కెమెరాలు ఉన్నాయి. అందుకే నియమం మారింది.

మనదగ్గర? 2021 జనవరిలో కడప జిల్లాలో చదువుకునే కుర్రాడు ఒకడు కూతకు పోయాడు. ఎదుటి జట్టు పట్టుకుంది, మీద పడింది. లేచి రెండడుగులు వేసి కుప్పకూలాడు, బతకలేదు. 2022 జూలైలో తమిళనాడు కడలూరు జిల్లా పన్రుట్టి దగ్గర ఇంకొక విద్యార్థి పట్టు తప్పించుకోబోయి కింద పడ్డాడు, పట్టుకోవడానికి ఎగిరినవాడి మోకాలు ఛాతీకి తగిలింది. లేవబోయి ఒరిగిపోయాడు. రెండూ సెల్‌ఫోన్ వీడియోలై దేశమంతా తిరిగాయి. అయ్యో అనుకున్నాం, ఫార్వర్డ్ చేశాం. ఆ వీడియోలు చూసి ఒక్క పల్లె టోర్నమెంటు నిబంధనైనా మారినట్టు నాకు కనపడలేదు.

ఆటగాళ్లు ఒప్పుకునే కదా దిగారు అంటారు. ఒప్పుకోలు గురించి చట్టం ఏమంటుందో లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు గమనించండి. 1860 నాటి శిక్షాస్మృతిలో 87వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షన్. ప్రాణం తీయాలని గానీ తీవ్రంగా గాయపరచాలని గానీ ఉద్దేశం లేకుండా, అలా జరుగుతుందని తెలియకుండా చేసిన పనికి అవతలివాడి ఒప్పుకోలు ఉంటే నేరం కాదు. దానికిచ్చిన ఉదాహరణ కూడా ఆటే: ఇద్దరు సరదాకు కత్తిసాము ఆడటం. అందులో రెండు షరతులున్నాయి. ఒప్పుకున్నవాడికి 18 ఏళ్లు నిండాలి. ఫౌల్ లేకుండా ఆడినంతవరకే ఆ ఒప్పుకోలు. అంటే ఫౌల్ ఏదో ముందుగా రాసిపెట్టుకోని చోట ఒప్పుకోలుకు హద్దే ఉండదు. ఇక మన పొంగలి టోర్నమెంట్లలో ఆడేవాళ్లలో పది, ఇంటర్ చదివే పిల్లలు ఎంతమందో మీకే తెలుసు.

ప్రో కబడ్డీ వచ్చాక పల్లెలో ఇంకో మార్పు వచ్చింది. టీవీలో డాష్‌ను నాలుగు కోణాల్లో స్లో మోషన్‌లో చూపిస్తారు. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పట్టేస్తే సూపర్ టాకిల్, ఒక పాయింటు ఎక్కువ. చూడ్డానికి నాకూ ఇష్టమే. కానీ అక్కడ కింద మ్యాట్ ఉంది, కాళ్లకు బూట్లు ఉన్నాయి, బరువుకు పరిమితి ఉంది, పక్కన డాక్టరు ఉన్నాడు, హద్దు మీరితే ఆకుపచ్చ, పసుపు, ఎర్ర కార్డులు ఉన్నాయి. మన మడిలో గరుసు నేల, ఉత్త కాళ్లు. 55 కిలోల పిల్లోడి మీద 90 కిలోల మనిషి పడతాడు. రైడర్ గీత కోసం తల వంచి దూకుతున్నప్పుడు రెండు కాళ్లూ గాలిలో ఉంటాయి. పక్క నుంచి భుజంతో గుద్దితే చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా ఉండదు, మెడో భుజమో నేలకు తగులుతుంది. పట్టు అంటే ఆపడం, దానికి పట్టేవాడు కూడా వంగాలి, అంచనా వేయాలి, తన ఒంటినీ పణంగా పెట్టాలి. ఈ గుద్దుకు అవేమీ అక్కర్లేదు, బరువుంటే చాలు.

అలా మోకాలిలో నరం తెగితే ఏమవుతుందో కొంచెం లెక్క వేయండి. మనవాడు తెల్లారుజామున బెంగళూరు రైలెక్కి కూలికి పోయేవాడు, లేదా గ్రానైటు క్వారీలో, లేదా మల్బరీ తోటలో. ఆపరేషనుకు వేలూరో బెంగళూరో పోవాలి. నెలల తరబడి పని లేదు. కప్పు గెలిచినా జట్టుకు వచ్చే బహుమతి సొమ్ము ఏడుగురూ పంచుకుంటే ఒక ఎమ్మారై స్కానుకు కూడా చాలదు. ఊళ్లో భూమి ఉన్నవాడి కొడుకు కాలు విరిగితే ఇంట్లో పడుకుంటాడు. అదే పట్టు, అదే ఆట. పడ్డ తర్వాత ఇద్దరూ వేరు వేరు చోట్ల పడతారు.

ఇప్పుడు తమ్ముడి మాటకు తిరిగి వస్తాను. వాళ్ల కాలు మనం పట్టుకునే ఒక్క చోటు అన్నావు. 2025 మార్చిలో తూత్తుకుడి జిల్లా శ్రీవైకుంఠం దగ్గర పదకొండో తరగతి చదివే దళిత విద్యార్థిని, పరీక్ష రాయడానికి బస్సులో పోతుంటే దింపి చేతి వేళ్లు నరికారు. కబడ్డీ పోటీలో తమవాళ్లు గెలవడమే కారణమని ఆ కుటుంబం చెప్పింది. కోర్టులో ఆ అబ్బాయి పట్టుకున్నాడు, గెలిచాడు. ఆ గెలుపుకు బదులు కోర్టు బయట, ఈల వేసే రిఫరీ లేని చోట తీర్చుకున్నారు. నరికింది కూడా వేళ్లనే, పట్టుకునే వేళ్లను. 2021లో ఒలింపిక్స్ సెమీఫైనల్లో మన మహిళల హాకీ జట్టు ఓడినప్పుడు హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారు. ఓడినా మనమే, గెలిచినా మనమే.

నేను చూసినంతలో నియమం గట్టిగా లేని మైదానంలో రెండు తూకాలు ఉంటాయి. వాళ్ల పిల్లోడు మన పిల్లోడి మెడ మీద పడితే 'ఆటన్నాక తగులుతుంది'. మన పిల్లోడు వాళ్ల పిల్లోడి చీలమండ సరిగ్గా నియమం ప్రకారం పట్టినా, వాడు మొహం నేలకేసి పడ్డాడంటే, 'కావాలని చేశాడు'. ఆ మాట గట్టు మీది నుంచి వస్తుంది, రిఫరీ కూడా అక్కడి మనిషే. ఏది ప్రమాదకరమో రాయకపోతే, ఏది ప్రమాదకరమో కులం చెబుతుంది. అంబేడ్కర్ మనకు రాతలో ఉన్న హక్కు కోసం ఎందుకంత పట్టుబట్టాడో ఈ చిన్న మైదానంలోనే కనిపిస్తుంది నాకు. పెద్దమనుషుల మంచితనం మీద ఆధారపడే ఆటలో మనం ఎప్పుడూ అతిథులమే.

కాబట్టి నా పక్షం ఇది. మెడ మీద, తల మీద పట్టు వద్దు. గాలిలో ఉన్నవాణ్ని గుద్దడం వద్దు. పడిపోయి ఆగిపోయినవాడి మీద మళ్లీ పడటం వద్దు. చీలమండ పట్టు, తొడ పట్టు, నడుము పట్టు, చేతులు కలిపి కట్టే గొలుసు, ఇవన్నీ ఉండాలి, గట్టిగా ఉండాలి. వాటిలో మనవాళ్ల నేర్పు ఉంది, ఏళ్ల సాధన ఉంది. వాళ్ల కాలు పట్టుకునే హక్కు ఎక్కడికీ పోదు తమ్ముడూ. మోకాలు బాగుంటే వచ్చే ఏడు కూడా పట్టుకుంటావు.

నిబంధన పెట్టేది ఎవరన్నది అంతకన్నా ముఖ్యం. రాసే కమిటీలో దళితవాడ నుంచి ఇద్దరు కూర్చోవాలి, ఒకరు ఆడిన అమ్మాయి అయితే ఇంకా మంచిది. రిఫరీ పక్క మండలం నుంచి రావాలి. 18 లోపు వాళ్లకు వేరే పోటీ, బరువు తూచి జట్లు. ప్రవేశ రుసుములో కొంత గాయాల ఖర్చుకని తీసిపెట్టాలి. మైదానం పక్కన ఒక వాహనం, ఒక చెక్క బల్ల. మెడకు దెబ్బ తగిలినవాణ్ని కాళ్లూ చేతులూ పట్టి మూటలా ఎత్తకూడదని అందరికీ ముందే చెప్పాలి. తల కదలకుండా పట్టుకుని బల్ల మీదికి చేర్చాలి. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం తూలినా ఆ రోజుకు వాడి ఆట అయిపోయినట్టే, ఫైనల్ అయినా సరే. ఇవేవీ కోట్లు అడిగే పనులు కావు. నిర్వాహకులు ఒప్పుకోకపోతే నలుగురు కలిసి కాగితం మీద రాసి ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

వచ్చే భాగం చిగరగుంట గని మీద. అక్కడ పనిచేసిన తాతలు, నాయనలు మీ ఇళ్లలో ఉంటే ఈలోపు వాళ్లతో కూర్చుని మాట్లాడి రాసి ఉంచండి.